నల్లపీచు సంచులు పట్టుకుని భావనపాడు సముద్రానికి

బుల్లెమ్మీ, నువ్వు రాసుకునే ఈ బ్లాగులో ఇవాళ నేను రాస్తన్నాను. తప్పయితే తిట్టుకో. నువ్వయితే ఊళ్ళూ, బీచులూ, బస్సుల టైములూ అందంగా రాసేదానివి. నాకు అంత రాదు. నువ్వు పని చేసిన చోటికి ఒక్కరోజు వెళ్ళొచ్చాను, అదొక్కటే రాస్తాను. ఎంత భయపడుతూ వెళ్ళానో నీకు చెప్పకపోతే మరెవరికి చెప్పుకుంటాను.

చదివేవాళ్ళకి నా సంగతి చెప్తాను. నా పేరు నరసమ్మ. మాది గజపతినగరం దగ్గర పల్లె. వరి, నువ్వులు, గోగు పండిస్తాము. నేను ఆరో తరగతి దాకా చదివాను. నోటుబుక్కులో రాసి ఇస్తే మా చిన్నమ్మాయి గౌరి ఫోనులో కొట్టింది. పెద్దమ్మాయి శ్రావణి, ఇంట్లో బుల్లెమ్మి. ఈ బ్లాగు దానిదే. విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతూ, నెలకోసారి సముద్రం ఒడ్డుకెళ్ళి నీళ్ళు పరీక్ష చేసేది. భూమిలోపలి మంచినీళ్ళు ఇసక కిందనుంచి పోయి సముద్రంలో ఎక్కడ కలుస్తున్నాయో చూసేది. ఏటే ఆ పని అని అడిగితే, "సముద్రం అడుగున ఊటలు వెతుకుతానమ్మా" అనేది. మొన్న భాద్రపదంలో అలాగే వెళ్ళి జ్వరంతో ఇంటికొచ్చింది. ఏడో రోజుకి లేదు. డాక్టర్లు డెంగీ అన్నారు. దానికి ఇరవై ఆరేళ్ళు.

దినవారాలు అయ్యాక దాని సంచి విప్పాను. రెండు జతల బట్టలు, ఒక టోపీ, ఒక లెక్కల పుస్తకం, అడుగున మూడు ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. ఒక్కో కవరు నిండా నల్లటి పీచు, దూది లాగ మెత్తగా. కవర్ల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉన్నాయి. మాది గోగునార తీసే ఇల్లు. పీచు కంటబడితే తాడుకో, అంట్లకో అనుకుంటాము గాని ఇంకొకటి తోచదు. ఇంట్లో కొబ్బరిపీచు అయిపోయింది. మూడో కవరు విప్పి, బూడిద అద్ది, అన్నం గిన్నె తోమాను. వేళ్ళకి గోధుమరంగు అంటింది. గిన్నె మాత్రం తళతళలాడింది. నా కూతురు తెచ్చిన వస్తువు కదా, చేతిలో ఉంటే బాగుండేది. ఇరవై రోజులు దానితోనే తోమాను. ఖాళీ కవరు కడిగి, ఆరబెట్టి, ఆవాలు పోసుకున్నాను.

ఆ గిన్నెలోనే గౌరికి వండి పెట్టాను. గౌరికి ఆరో నెల. అక్క పోయిన దగ్గర్నుంచి నా దగ్గరే ఉంది.

తరవాత యూనివర్సిటీ నుంచి ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. మా ఊరి మాస్టారు అరుగు మీద కూర్చుని చదివి తెలుగులో చెప్పారు. సంతాపం తెలిపారట. దాని పని పేరు కూడా రాశారు: సహజంగా దొరికే రేడియోధార్మిక పదార్థాలతో, సముద్రంలో కలిసే భూగర్భజలాల్ని కనిపెట్టడం.

"అంటే ఏటి మాస్టారూ?" అన్నాను.

"రేడియం, రేడాన్ అనీసి ఉంటాయి నరసమ్మా. కంటికి కనబడని కిరణాలు వస్తాయి వాటినుంచి. అణుబాంబు సంగతి విన్నావు కదా, ఆ జాతివే."

నాకు రేడియం అంటే మోటారుసైకిళ్ళ వెనక అంటించే మెరుపు కాగితం అనే తెలుసు. మా మరిది అక్కడే ఉన్నాడు. "అదీ సంగతి వదినా. డెంగీ నేదు, ఏటీ నేదు. ఆ రేడియమే మింగేసినాది పిల్లని. ముట్టుకున్నోల్లని కూడా వదలదంట" అనీసాడు. ఆ మాటకి నల్లపీచు గుర్తొచ్చింది. గౌరి లోపల కూర్చుని అన్నం తింటోంది, ఆ గిన్నెలోదే.

ఆ పూటే గిన్నెలన్నీ పెరట్లో గొయ్యి తీసి పాతేశాను. గౌరి అడిగితే మాట్లు వేయించడానికి ఇచ్చానని అబద్ధం చెప్పాను. అప్పట్నుంచీ అది తుమ్మినా భయమే, నిద్రపోయినా భయమే. కడుపులో బిడ్డ కదిలిందా అని గంటకోసారి అడిగేదాన్ని. "నీకేటయింది అమ్మా, బిడ్డని కూడా నిద్రపోనివ్వవేటి" అని కసురుకునేది. ఎవరికీ చెప్పలేకపోయాను. మా ఆయనకీ చెప్పలేదు. ఒక కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి, రెండోదానికి నేనే విషం పెట్టానేమో అని ఎలా చెప్పను?

బుల్లెమ్మి ఫోనులో మాధవి నంబరు ఉంది. మాధవి దానితోపాటే పని చేసే అమ్మాయి, చదువులో రెండేళ్ళు పెద్ద. ఫోను చేస్తే, "గురువారం భావనపాడు ఒడ్డున ఉంటామమ్మా, సోమవారం యూనివర్సిటీకి రండి" అంది. సోమవారం దాకా నేను ఆగలేను. ఫోనులో అడగనూ లేను. పక్క గదిలో గౌరి ఉంది. చెడ్డమాట వింటే నా గొంతు నా మాట వినదు. మిగిలిన రెండు కవర్లు పాత చీరలో చుట్టి, దాని మీద యూరియా సంచి చుట్టి, గుడ్డసంచి అడుగున పెట్టాను. లెక్కల పుస్తకం కూడా పెట్టాను. విజయనగరంలో చుట్టాలింటికని చెప్పి బయల్దేరాను.

మా వైపునుంచి వెళ్ళేవాళ్ళకి దారి చెప్తాను. గజపతినగరంలో ఐదున్నర బస్సు ఎక్కాను, గంట లోపే విజయనగరం. టికెట్టు ముప్పై దాటలేదు. కండక్టరు సంచి చూసి, "పైన పడీయమ్మా, కాళ్ళకడ్డం" అన్నాడు. పైన పెడితే కింద కూర్చున్నవాళ్ళ నెత్తిమీద ఉంటుంది కదా. వద్దు బాబూ అని కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. నా కాళ్ళకి ఏమైనా పరవాలేదు.

విజయనగరం స్టేషనులో పలాస వెళ్ళే పాసింజరు ఏడు దాటాక వచ్చింది. నౌపడకి టికెట్టు ఇంచుమించు బస్సు డబ్బులే, దూరం మాత్రం నాలుగింతలు. వేళలు మారుతుంటాయట, ముందు రోజే కనుక్కోండి. చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడ వస్తుంది. కిటికీ పక్క చోటు దొరికింది. పొందూరులో చంటిపిల్లతో ఒక అమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుంది. పిల్లకి ఏడాది ఉంటుందేమో. నవ్వుకుంటూ చెయ్యి చాపి నా సంచి పట్టుకుంది. నేను అదిరిపడి సంచి లాగీసుకున్నాను. పిల్ల ఏడుపు లంకించుకుంది.

ఆ అమ్మాయి మొహం ఎర్రబడిపోయింది. "ఏటమ్మా, మా పిల్ల ముట్టుకుంటే మైలపడిపోద్దేటి నీ సంచి? మేవూ మనుసులమే."

"అది కాదు తల్లీ..."

"తెలుసులే. మాకిలాటివి కొత్తేటి?" అని మొహం తిప్పేసుకుంది. ఎదర సీటులోవాళ్ళు నన్ను అదో రకంగా చూశారు.

నా ప్రాణం చచ్చిపోయింది. నిజం ఏమని చెప్పను? సంచిలో కిరణాలున్నాయని చెప్తే పెట్టెలోవాళ్ళంతా దిగి పారిపోరా? లేచి తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డాను. నౌపడ దాకా నిలబడే ఉన్నాను. ఆ అమ్మాయి ఇది ఎప్పుడైనా చదివితే, తల్లీ, నేను నీ పిల్లని కాపాడుదామనే లాగాను. నన్ను క్షమించు.

నౌపడలో దిగేసరికి పది దాటింది. స్టేషను బయటే ఆటోలుంటాయి. భావనపాడు వైపు తలా ఇరవై తీసుకుంటారు, నలుగురైదుగురు నిండేదాకా కదలరు. నా పక్కన ఇంకెవరూ కూర్చోకూడదని మొత్తం ఆటో మాట్లాడుకున్నాను, రెండువందల యాభై. డ్రైవరు పేరు సింహాచలం, నలభై ఏళ్ళ మనిషి, నోరు ఊరుకోదు.

"ఒక్కదానివీ ఆటో కట్టించుకున్నావు, పెల్లిసూపులకేటమ్మా?"

నాకు నవ్వు రాలేదు. రోడ్డుకి రెండు పక్కలా ఉప్పుమడులు. తెల్లటి కుప్పలు తాటాకులు కప్పి పెట్టారు. మనుషులు మోకాళ్ళ దాకా ప్యాంట్లు ఎగ్గట్టి ఉప్పు లాగుతున్నారు. ఎండ కళ్ళల్లో గుచ్చుకుంటోంది. చూడాలనుకునేవాళ్ళకి బాగుంటుంది. నేను సంచినే చూసుకుంటూ కూర్చున్నాను.

"అంత బద్రంగా పట్టుకున్నావు, బంగారం గాని ఉన్నాదేటి సంచిలో?"

ఏదో ఒకటి చెప్పాలని, "మందు బాబూ" అన్నాను.

ఆటో నెమ్మదించింది. "ఏ మందు? పురుగుల మందేటి?"

నేను సంచి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. అద్దంలోంచి నా మొహం చూశాడు. అక్కణ్ణుంచి ఒక్క జోకు లేదు. కాసేపయ్యాక, గొంతు తగ్గించి, "పిల్లలున్నారేటమ్మా?" అన్నాడు. "ఇద్దరు" అన్నాను. తరవాత, "ఒకత్తి పోయింది" అన్నాను. ఆయన ఆటో పక్కకి తీసి ఆపేశాడు.

"నేను సముద్రం కాడికి తీసికెల్లను. స్టేసనులో దింపీసి డబ్బులు కూడా తీసుకోను, పద."

అప్పుడు అర్థమైంది ఆయన ఏమనుకుంటున్నాడో. చావడానికి కాదు బాబూ, నా కూతురు తోటి పిల్లని కలవడానికి అని ఒట్టేసి చెప్పాను. నమ్మీ నమ్మనట్టు స్టార్టు చేశాడు. ఒడ్డుకి చేరాక డబ్బులు తీసుకుని వెళ్ళిపోలేదు. "ఎండ తగ్గేదాకా ఇక్కడే ఉంటాను, ఏటి?" అని ఆటో నీడకి పెట్టి, ఎండుచేపలు ఆరబెడుతున్న ఒక ముసలమ్మని కేకేశాడు. "ఓలే ఎర్రమ్మా! ఈయమ్మని ఒక్కదాన్నీ నీల్ల కాడికి వదలకు!"

ఆ ఎర్రమ్మ చేపల మనిషి. మగవాళ్ళు వేటకెళ్తే ఒడ్డున పని అంతా ఆడవాళ్ళదే. నన్ను కిందికీ పైకీ చూసి, "ఏ ఊరు వదినా?" అంది. బుల్లెమ్మి పేరు చెప్పాను. ఆవిడ చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"ఊటల పిల్ల అమ్మవా! ఓలమ్మో, రాయే, కూకో."

నీళ్ళు తాగమని సముద్రం ఒడ్డుకే తీసుకెళ్ళింది. అల వచ్చి వెనక్కెళ్ళే చోటుకి ఇంచుమించు పది అడుగుల దూరంలో ఇసక చేత్తో తవ్వింది. మోచేతి లోతుకి నీళ్ళు ఊరాయి. కొబ్బరిచిప్పతో పైనీళ్ళు తోడిపారబోసి, తేటపడ్డాక ముంచి ఇచ్చింది. "సెలమ నీల్లు. సముద్రం పక్కనే ఉన్నా తీపి. సుట్టుపక్కల ఇంకెక్కడ తవ్వినా ఉప్పే, ఇక్కడే ఇలాగ. మీ పిల్ల ఈ కాడే కూకునీది ఎప్పుడూ."

నాకు గొంతు ఎండిపోయింది, అయినా తాగలేకపోయాను. ఇవే కదా నా కూతురు వెతికిన నీళ్ళు. చిప్ప నోటిదాకా తెచ్చి కింద పెట్టేశాను. ఇసక చూస్తే నల్లగా చారలు చారలుగా ఉంది. ఎర్రమ్మ చిప్ప తీసుకుని తనే గటగటా తాగేసింది, చూడు నాకేమైనా అయిందా అన్నట్టు.

కొంచెం అవతల మాధవీ, ఇంకో ఇద్దరూ గొడుగు కింద పని చేస్తున్నారు. హార్మోనియం పెట్టెంత యంత్రం, దానికి గొట్టాలు, ఒక పీపా. మాధవి చేతిలో నల్లపీచు చూశాను. ఆ పిల్ల చేతులకి తొడుగులున్నాయి. ఆస్పత్రిలో డాక్టర్లు వేసుకునేలాంటివి, మణికట్టు దాకా. నా కాళ్ళు ఆగిపోయాయి. చదువుకున్న పిల్ల తొడుగులు వేసుకుని ముట్టుకుంటోంది. నేను ఒట్టి చేతులతో ఇరవై రోజులు గిన్నెలు తోమాను.

"అమ్మా! మీరా? ఇంత దూరం..." అని మాధవి పరిగెత్తుకొచ్చింది. నేను సంచి కింద పెట్టి దూరంగా జరిగాను. వేలితో చూపించాను. మూట విప్పింది. కవర్లు చూడగానే కూలబడినట్టు కూర్చుంది.

"ఇవి మీ దగ్గరే ఉన్నాయా! మూడుండాలమ్మా. మూడోది ఏది?"

చెప్పాను. గిన్నెలు, బూడిద, ఇరవై రోజులు, ఆవాలు, అన్నీ. మాధవి తొడుగులు ఊడదీసి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

అంతే, అయిపోయింది అనుకున్నాను. ఇంక చెప్పడానికేం లేదు కాబట్టే ఈ పిల్ల మాట్లాడటం లేదు అనుకున్నాను. అలల చప్పుడు కూడా నాకు వినిపించలేదు. ఇసకలో మోకాళ్ళ మీద పడి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "చెప్పీ తల్లీ. ఎన్నాళ్ళుంటాది? బిడ్డని తీయించీమంటే తీయించేస్తాను. గౌరి బతికితే చాలు."

మాధవి తలెత్తింది. "గౌరా? గౌరికేమయింది?"

"ఆ గిన్నెలోనే తిన్నాది. ఆరో నెల."

ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "అయ్యో అమ్మా! దాని గురించా! నేను ఏడ్చింది అందుకు కాదు. గౌరికేం కాదు. వినండి, ఏమీ కాదు." రెండు మూడు సార్లు చెప్పింది. నాకు ఎక్కలేదు. ఎర్రమ్మ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి, "ఇనవే, ఆ పిల్ల ఏటి సెప్తన్నాదో ఇనవే" అంది.

మాధవి చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. రాళ్ళలో, మట్టిలో, ఇసకలో ఇవి దేవుడు పెట్టినట్టు కొంచెం కొంచెం ఉంటాయి. ఎవరూ తెచ్చి వేసినవి కాదు. కొత్త కుండలో పోసిన నీళ్ళకి మట్టివాసన పట్టినట్టు, భూమిలో నిలవున్న నీళ్ళకి ఇవి పడతాయి. ఆ నీళ్ళు సముద్రంలోకి వచ్చాక, రేడాన్ అనేది నాలుగు రోజులకి సగం పోతుంది, ఇంకో నాలుగు రోజులకి ఆ సగంలో సగం. గాలిలోకి కూడా ఎగిరిపోతుంది. అందుకని సముద్రంలో ఎక్కడ ఎక్కువ కనపడితే, అక్కడ కిందనుంచి మంచినీళ్ళు వస్తున్నట్టు. రేడియం అయితే నల్లపీచుకి అంటుకుంటుంది. వంద లీటర్ల సముద్రం నీళ్ళు ఆ పీచులోంచి పోనిస్తేగాని యంత్రానికి దొరికేంత పట్టదట. ఊటలు ఎక్కడున్నాయో తెలిస్తే, పైన పొలాల్లో బోర్లతో ఎంత తోడొచ్చో, ఎంత తోడితే ఎర్రమ్మ చెలమలోకి ఉప్పు ఎక్కుతుందో తెలుస్తుంది. నా కూతురు చేసిన పని ఇదీ.

"నూతిలో వేసే ఊదారంగు మందు తెలుసు కదా, ఆ మందుతోనే పీచుకి నల్లరంగు వస్తుంది. మీ చేతికి అంటింది అదే" అంది. "నేను అబద్ధం చెప్పనమ్మా. ఇవి ఎక్కువైతే మంచివి కావు. ఈ నల్ల ఇసకలో మిగతా ఇసకలో కంటే ఎక్కువే ఉంటాయి. కాని మీ గిన్నెకి అంటింది ఏ లెక్కలోకీ రాదు. మీకు బెంగ తీరకపోతే గౌరిని చూసే డాక్టరమ్మతో నేనే మాట్లాడతాను."

"మరి తొడుగులెందుకు?"

"నా చేతుల చెమటా మురికీ పీచుకి అంటకూడదని. అవి పీచుని కాపాడ్డానికి, నన్ను కాదు."

అప్పుడు ఎర్రమ్మ చిప్ప నిండా నీళ్ళు తెచ్చి, "ఇప్పుడైనా తాగుతావేటి, నేక నన్ను మల్లీ తాగమంటావేటి?" అంది. తాగాను. మూడు చిప్పలు తాగాను.

కాస్త ఊపిరి వచ్చాక అడిగాను, మరి నువ్వెందుకు ఏడ్చావని. మాధవి నా మొహం చూడకుండా చెప్పింది. ఆ మూడు కవర్లూ బుల్లెమ్మి ఆఖరుసారి నీళ్ళలో దిగి తీసినవట. వీళ్ళు రెండు నెలలుగా వాటికోసం బాధపడుతున్నారట. అయినా చావింటికి ఫోను చేసి, సంచిలో పీచు ఉందా అని అడగడానికి నోరు రాలేదట. ఒకటీ రెండూ పనికొస్తాయి. తొందరగా పోయేవి పోయినా, ఏళ్ళకొద్దీ ఉండేవి వాటిలో ఉంటాయి. మూడోది లేదు.

మూడోది నేను బూడిద పెట్టి తోమేశాను. దానికి జ్వరం కాస్తుంటే, సముద్రంలో నిలబడి పట్టినదాన్ని, నేను తూములోకి పారబోశాను. ఒక భయం పోయి ఇంకొకటి వచ్చి కూర్చుంది గుండె మీద. నా బిడ్డ ఆఖరి పనిని నేనే తుడిచేశాను.

మాధవి లెక్కల పుస్తకం తిరగేసింది. "మూడోది ఇక్కడిదే. ఎర్రమ్మ చెలమకి ఎదురుగా, ఆటుకి నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు. ఇంకో అరగంటలో తగ్గుతుంది. మళ్ళీ తీద్దాం. అదే నీళ్ళు కావు, అదే నెలా కాదు. అయినా ఖాళీగా ఎందుకు వదలాలి?"

నేను తోడతానన్నాను. నాకు సముద్రం కొత్త. పొలం గట్లు తెలిసిన కాళ్ళు నావి. మోకాళ్ళ లోతుకి వెళ్ళేసరికి కింద ఇసక జారిపోతుంటే ప్రాణం గొంతులోకి వచ్చింది. బకెట్టు ముంచితే అల వచ్చి నన్నే ముంచింది. ఎర్రమ్మ ఒడ్డున పడీ పడీ నవ్వింది. "నూతిలో బిందె ముంచినట్టేటే అదీ! అల ఎనక్కెల్తన్నప్పుడు ముంచు వదినా!" సింహాచలం దూరంగా నిలబడి ఇదంతా చూస్తున్నవాడు, ఇక ఆగలేక లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి నా చేతిలో బకెట్టు అందుకున్నాడు. "సావడానికొచ్చిందనుకున్నాను గాని, నాసేత నీల్లు మోయించడానికొచ్చినాది ఈయమ్మ" అన్నాడు. పది బకెట్లు నింపాము. పీపాలోంచి గొట్టంలోకి, గొట్టంలో పీచులోంచి కిందికి, సన్నటి ధారగా గంటకి పైనే పట్టింది.

ఆ గంటలో అడిగాను. "మరి నా బుల్లెమ్మి?"

"నేను నాలుగేళ్ళుగా ఇవే నీళ్ళలో దిగుతున్నానమ్మా. ఇది కాదు." గొట్టం సర్దింది. "వచ్చిన రోజే ఒళ్ళు నొప్పులంది. ఆటు మూడు రోజులే బాగుంటుంది, తప్పిపోతే మళ్ళీ పదిహేను రోజులాగాలి. పని అయ్యాక వెళ్తానంది. నేనూ సరేనన్నాను. నీరు తగ్గేదాకా అన్నం కూడా తినేది కాదు. ఆ రోజే ఆస్పత్రికి పంపించి ఉంటే..."

నాకు కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ కోపం ఇంకా ఉంది. కాని ఆ పిల్ల కూడా నాలాగే, నా మూలానే పోయిందేమో అనుకుంటూ బతుకుతోంది. నేను వారం రోజులు మోసినదాన్ని అది రెండు నెలల నుంచి మోస్తోంది.  నీళ్ళ చప్పుడు వింటూ ఇద్దరం కూర్చున్నాం.

పీచు కవర్లో పెట్టి మూడు అని అంకె వేశారు. లెక్కల పుస్తకంలో బుల్లెమ్మి చేతిరాత కింద కొత్త వరస రాస్తూ, తీసినవాళ్ళు అన్న చోట మాధవి నా పేరు రాసింది. నరసమ్మ, అని తెలుగులోనే.

అక్కణ్ణుంచే గౌరికి ఫోను చేశాను. దాచింది అంతా చెప్పేశాను. చాలాసేపు అవతల మాట లేదు. 

"గౌరీ? ఉన్నావా?"

"వారం నుంచీ ఒక్కదానివే పెట్టుకున్నావేటి ఇదంతా?" అని ఏడ్చేసింది. తరవాత ముక్కు ఎగబీల్చి, "మంచి గిన్నెలే పాతావే అమ్మా, అత్తవారు పెట్టిన స్టీలు తపేలా కూడా అందులోనే ఉందా?" అంది. ఉందన్నాను. "రా, నాన్నకి గునపం ఇచ్చి తవ్విస్తాను" అంది.

సాయంత్రం నాలుగున్నర పాసింజరుకి సింహాచలం స్టేషనులో దింపాడు. తిరుగు ఆటో డబ్బులు తీసుకోలేదు, చేతిలో పెట్టినా. ఎనిమిదిన్నరకి ఇల్లు చేరాను.

భయం పోయిందా అంటే, పోలేదు. మాధవి చెప్పింది నిజమని తెలుసు. డాక్టరమ్మ కూడా పరీక్ష చేసి అంతా బాగుందంది. అయినా గౌరి పడుకుంటే వెళ్ళి కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తాను. బహుశా బిడ్డ పుట్టేదాకా, పుట్టాక కూడా, ఇలాగే ఉంటుంది నాకు. బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళ భయానికి కారణం అక్కర్లేదని తెలిసొచ్చింది. కాని తెలియని దానికి భయపడి పెరట్లో గొయ్యి తియ్యడం కంటే, వెళ్ళి అడగడం మంచిది. నా కూతురు చేసింది కూడా అదే కదా, కనపడనిదానికి భయపడకుండా వెళ్ళి అడగడం. నాకు చదువు లేక ఇన్నాళ్ళు అది తెలియలేదు.

భావనపాడు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. చెలమ నీళ్ళు చూడాలంటే ఆటు వేళకి వెళ్ళాలి. ఆ వేళ రోజూ మారుతుంది, ఒడ్డున చేపలవాళ్ళని అడిగితే గడియారం చూడకుండా చెప్తారు. ముందు రోజు నౌపడ ఆటోవాళ్ళని అడిగినా కనుక్కుని చెప్తారు.

ఆటు కోసం, పని కోసం, బస్సు కోసం తిండి మానకండి నాయనా. మీరెక్కడున్నా వేళకి కూర్చుని, కడుపునిండా బాగా తినండి.